గోడవార కుర్చీలు

శాంతిభద్రతల ఉన్నతస్థాయి అంతర్‌శాఖల కమిటీ. ఆ పేరు పూర్తిగా పలికేసరికే సగం మందికి ఆయాసం వస్తుంది. మిగతా సగం మంది భయంతో లేచి నిలబడతారు. అయితే ఆ కమిటీ కూర్చునే గదిలోకి ఒక్కసారి తొంగిచూసినవాళ్ళకి మాత్రం నవ్వు ఆపుకోవడమే పెద్ద పని.

గది మధ్యలో నున్నగా మెరిసే పొడుగాటి బల్ల. చుట్టూ ఎత్తు వీపుల మెత్తటి కుర్చీలు. ఒక్కో కుర్చీ ముందు ఒక్కో శాఖ పేరు చెక్కిన పలక, మూతపెట్టిన మంచినీళ్ళ గ్లాసు, పొగలు కక్కే టీ. కుర్చీల్లో మాత్రం పురుగు కూడా ఉండదు. మనుషులందరూ వెనక గోడవార వేసిన మడత కుర్చీల్లో, ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని, వానకి చూరు కింద చేరిన బాటసారుల్లా వరసగా కూర్చుంటారు. కమిటీ పుట్టిననాడే ఒక పద్ధతి పెట్టారు: బల్ల దగ్గర శాఖాధిపతులే కూర్చోవాలి. అధిపతులకి తీరిక ఉండదు. కింది మనిషిని పంపుతారు. కింది మనిషి అధిపతి కుర్చీలో కూర్చుంటే మర్యాద కాదు కనుక, ఖాళీ కుర్చీ వెనక కూర్చుని దాని వీపుతో మాట్లాడతాడు. టీ కూడా కుర్చీకే. గోడవార వాళ్ళకి టీ ఇవ్వమని ఏ నియమంలోనూ లేదు మరి.

గోడవార కూర్చున్నవాడు సభ్యుడు కాడు. అందుకని ఔననలేడు, కాదనలేడు. "మా పెద్దాయన దృష్టికి తీసుకెళ్తాను" అని మాత్రం అనగలడు. అందరూ ఆ ఒక్క మాటే అంటారు. అధ్యక్షుడి కుర్చీ కూడా ఖాళీయే. ఆయన తరఫున వచ్చినాయన గోడవార నుంచే సభ వాయిదా వేసి, ముందు తానే లేచి వెళ్ళిపోతాడు. కర్ర విరగదు, పాము చావదు.

ఈ తమాషాకి కార్యదర్శి ఒకావిడ. అదే భవనం కింది అంతస్తులో టైపిస్టుగా చేరి, పిల్లని చంకన వేసుకుని పరీక్షలు రాసి, ఒక్కో అంతస్తూ ఎక్కి పైకొచ్చిన మనిషి. ఎదురుగా అందరూ "కార్యదర్శమ్మ" అనేవాళ్ళు. ఆవిడ అటు తిరగ్గానే "పల్లేరుకాయ" అనేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరైనా "చూద్దాం" అంటే మిగతావాళ్ళు తలూపి ఊరుకుంటారు. ఈవిడ "ఎప్పుడు చూద్దాం సార్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది. పల్లేరుకాయ అంటారని ఆవిడకి తెలుసు. చెప్పులు వేసుకు తిరిగేవాళ్ళకి గుచ్చుకోదు కదా, ఎందుకంత ఏడుపు అనేది.

ఆవిడ అక్క పురుళ్ళ ఆసుపత్రిలో నర్సు. ఆ ఆసుపత్రి ఊరి చివర, కాలవ మీది వంతెన మొదట్లో ఉంది. ఇవతలి గట్టువాళ్ళకీ అవతలి గట్టువాళ్ళకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. గొడవ ఎవరు మొదలెట్టారో వాళ్ళకే గుర్తులేదు. రాళ్ళెక్కడ దొరుకుతాయో మాత్రం అందరికీ తెలుసు. వంతెన మీద కాపలా ఉన్నన్నాళ్ళూ అవతలి గట్టు ఆడవాళ్ళు నిశ్చింతగా దాటి ఆసుపత్రికి వస్తారు. కాపలా లేకపోతే ఎవరూ దాటరు. నొప్పులు వచ్చినా సరే, ఇంట్లోనే పంటిబిగువున పడుంటారు.

ఆ కాపలా గడువు ఏడాది. ఏడాది తిరగ్గానే కమిటీ పొడిగించాలి. పొడిగించకపోతే దానంతటది ముగిసిపోతుంది. కాపలావాళ్ళు పోలీసు శాఖవాళ్ళు, వాళ్ళ వ్యాను రవాణా శాఖది, జీతభత్యాలు ఆర్థిక శాఖవి. పోయినేడు పొడిగింపు సంగతి కమిటీ ముందుకొచ్చింది. ఎవరూ కాదనలేదు. ఎవరూ ఔననలేదు కూడా. పక్క శాఖ పెద్దాయన చెప్తాడులే అని ప్రతివాళ్ళూ అనుకున్నారు. గడువు ముగిసిన పొద్దున వ్యాను వచ్చి కాపలావాళ్ళని ఎక్కించుకుపోయింది. మధ్యాహ్నానికి రాళ్ళు లేచాయి. సాయంత్రానికి ఆసుపత్రి ముందుగది తగలబడింది. అక్క ఒక బాలింతనీ పసిగుడ్డునీ వెనక కిటికీలోంచి దాటించి, తను దాటబోతుంటే మంటలంటుకున్న కిటికీ తలుపు చేతి మీద పడింది. మర్నాడు అందరూ ఉరుకులూ పరుగులూ పెట్టి కాపలాని తిరిగి తెచ్చారు. అక్క ఎడమచెయ్యి మాత్రం ఇప్పటికీ పిడికిలి పట్టదు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, నాకు ఆకులైనా దొరకలేదే" అని అక్క నవ్వేది. చెల్లెలు నవ్వేది కాదు.

ఆ తర్వాత కార్యదర్శమ్మ ఒక ప్రతిపాదన తయారుచేసింది. సమావేశానికి ఎవరొస్తే వాళ్ళే బల్ల దగ్గర కూర్చోవాలి, వాళ్ళ మాటే ఆ శాఖ మాట. అంతే సంగతి. ప్రతిపాదన కమిటీ ముందుకొచ్చింది. గోడవార వాళ్ళందరూ ఓపిగ్గా విని, తమ పెద్దాయనల దృష్టికి తీసుకెళ్తామన్నారు. అధ్యక్షుడు మాత్రం దానిమీద తన చేత్తో ఒక వాక్యం రాశాడు: కమిటీ పద్ధతిని మార్చాలన్నా, కమిటీ నిర్ణయాన్ని కొట్టెయ్యాలన్నా నిండు కమిటీకే అధికారం. అది రాయడానికి మాత్రం ఎలా తీరిక దొరికిందో ఆయనకే తెలియాలి.

చూస్తుండగానే మళ్ళీ ఏడాది తిరిగొచ్చింది. నెలాఖరుకి కాపలా గడువు అయిపోతుంది. దానికి ముందు మిగిలింది ఒకే ఒక్క సమావేశం.

ఆ పొద్దున కార్యదర్శమ్మ మొగుడు, వీధి గదిలో దుకాణం పెట్టుకున్న టైలరు, గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తూ ఆవిడ మొహం చూశాడు.

"ఇవాళ ఏదో కొంప ముంచేలా ఉన్నావే."

"మునిగే కొంపని లాగుదామని చూస్తున్నా."

"ఉద్యోగం ఊడుతుందా?"

"ఊడచ్చు."

"సరేలే. కాజాలు కుట్టే మనిషి కోసం నేనూ వెతుకుతున్నా. కానీ నీ కుట్టు చూస్తే ఉన్న గిరాకీ కూడా పోతుంది, కాస్త ఆలోచించుకో" అన్నాడు. ఆవిడ పోపోవయ్యా అని చెప్పులు వేసుకుంది. ఆయన గుమ్మందాకా వచ్చి, "గట్టిగా నిలబడు. వెనక నేనున్నా" అన్నాడు.

ఆఫీసుకి వెళ్ళగానే ఆవిడ చేసిన పని ఒకటే. టీలు అందించే పెద్దాయనని పిలిచి, "బాబాయ్, ఓ చెయ్యి వెయ్యి" అంది. ఇద్దరూ కలిసి గోడవార మడత కుర్చీలన్నీ మోసుకెళ్ళి కింద సామాన్ల గదిలో పడేశారు. తాళం వేసి, చెవి తన సంచిలో వేసుకుంది.

వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే బిక్కమొహం వేశారు.

"మేడం, కుర్చీలేవి?" అన్నాడు రవాణా శాఖాయన.

"అవిగో, బల్ల చుట్టూ ఉన్నాయిగా."

"అవి మావి కావు కదండీ!"

"మరెవరివి? వాళ్ళేరీ? రమ్మనండి, నేనే జరిపి కూర్చోబెడతా."

"నిలబడే మాట్లాడతాం లెండి" అన్నాడు అధ్యక్షుడి తరఫున వచ్చినాయన, కాస్త కోపంగా.

"మీ ఇష్టం. కానీ ఒక మాట. ఇవాళ కాపలా సంగతి తేలేదాకా ఎవరమూ ఇంటికి వెళ్ళం."

నిలబడ్డారు. నిలబడి నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకున్నారు. ఫైళ్ళు ఈ చంకలోంచి ఆ చంకలోకి వెళ్ళాయి. ఆర్థిక శాఖ నుంచి వచ్చేది రిటైర్మెంటు దగ్గరపడిన భారీ మనిషి, మోకాళ్ళ నొప్పులాయన. గోడకి ఆనుకున్నాడు, కిటికీ పట్టుకున్నాడు, బల్ల అంచు పట్టుకున్నాడు. చివరికి, "నా మోకాళ్ళకి నియమాలు తెలీవమ్మా" అని నిట్టూర్చి, తన పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు.

అందరూ పైకి చూశారు. పైకప్పు విరిగి మీద పడలేదు. ఆయన అటూ ఇటూ చూసి, ఎదురుగా ఉన్న టీ తీసుకుని ఒక గుక్క తాగాడు. "బావుంది" అన్నాడు ఆశ్చర్యంగా. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఒక మనిషి టీ తాగడం అదే మొదలు.

పోలీసు శాఖ నుంచి వచ్చిన పడుచు అధికారిణి మాత్రం కుర్చీ వీపు పట్టుకుని నిలబడిపోయింది. "మా సార్‌కి తెలిస్తే నన్ను బతకనివ్వరు మేడం."

"కార్యదర్శి కూర్చోమంది, కూర్చోకపోతే ఊరుకోనంది అని చెప్పమ్మా. తిట్లన్నీ నాకు పంపించు. నాకు అలవాటే."

ఆ అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత రవాణా శాఖాయన. మిగతావాళ్ళు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ సర్దుకున్నారు. అధ్యక్షుడి తరఫున వచ్చినాయన ఆఖరికి కూర్చున్నాడు, అదీ కుర్చీ అంచున, ముళ్ళ మీద కూర్చున్నట్టు.

"వంతెన మీద కాపలా ఉంచాలా, తీసెయ్యాలా?" అని కార్యదర్శమ్మ అడిగింది. "మీ పెద్దాయన ఏమంటారని కాదు. మీరేమంటారు?"

పోలీసు అమ్మాయి కుర్చీలో ముందుకు జరిగింది. "ఉంచాలండి. ఆ వంతెన మీద నేను డ్యూటీ చేశాను. అవతలి నుంచి నడిచొచ్చే ఆడవాళ్ళ మొహాలు నాకు తెలుసు. ఉంచాలి."

"వ్యాను ఇస్తాం" అన్నాడు రవాణా ఆయన. "మరి డీజిలు?"

"నేనిస్తాను. ఇంకో టీ ఉందా?" అన్నాడు మోకాళ్ళాయన.

ఏడాదంతా నానిన సంగతి, ఆ టీ చల్లారేలోపు తేలిపోయింది. అందరూ సంతకాలు పెట్టారు. బయటికి వెళ్ళేటప్పుడు ఎవరూ గోడల వెంట నడవలేదని టీల బాబాయి తర్వాత చెప్పాడు.

మర్నాడు అధ్యక్షుడు పిలిపించాడు. ఆవిడని కూర్చోమనలేదు.

"ఆ నిర్ణయం చెల్లదు. గుమాస్తాలని నా కుర్చీలో కూర్చోబెట్టి సంతకాలు పెట్టిస్తావా? ఎంత ధైర్యం!"

"చెల్లదని మీరొక్కరే అనకూడదు సార్. నిండు కమిటీ అనాలి. ఆ మాట మీరే రాశారు."

ఆయన మొహం కందగడ్డలా అయింది. కాసేపు బల్ల మీద వేళ్ళు ఆడించి, గొంతు తగ్గించాడు. "చూడమ్మా, మంచి సర్వీసు నీది. పొరపాటు జరిగిందని ఒక ముక్క రాసివ్వు. నిన్నటిది రద్దని నువ్వే అన్ని శాఖలకీ చెప్పు. కాపలా సంగతి నేను తీరిగ్గా చూస్తాను. లేకపోతే వచ్చే నెల నుంచి నీకు పాత సామాన్ల గోదాములో పని."

"ఎప్పుడు చూస్తారు సార్?"

"ఏంటి?"

"కాపలా సంగతి. తీరిగ్గా చూస్తానన్నారుగా. ఎప్పుడు?"

ఆయన ఒక ఫైలు తెరిచి అందులోకి తల దూర్చాడు.

"అయితే గోదాము ఆర్డరు ఇప్పించండి. పొరపాటు జరగలేదు. జరిగిందని రాయను. కుర్చీలు తీశాను, అవసరమైతే మళ్ళీ తీస్తాను. మీరు నిన్నటిది కొట్టెయ్యాలంటే మాత్రం, అందరూ వచ్చి, కూర్చుని, కొట్టెయ్యండి."

చెప్పి బయటికొచ్చింది.  

గడువు ముంచుకొచ్చింది. నిర్ణయాన్ని కొట్టెయ్యాలంటే ప్రత్యేక సమావేశానికి రాక తప్పదు కాబట్టి, వచ్చారు. కమిటీ పుట్టాక మొదటిసారి బల్ల చుట్టూ కుర్చీలన్నీ నిండాయి. కొందరు తమ పలక ఎక్కడుందో తెలియక గది చుట్టూ తిరిగారు. కార్యదర్శమ్మ బదిలీ ఆర్డరు సంచిలో పెట్టుకునే వచ్చింది. ఆ పూట దాకా కార్యదర్శి ఆవిడే.

అధ్యక్షుడు గొంతు సవరించుకుని, నేరుగా ఆవిడ మీదకే వచ్చాడు. "ముందు ఒకటి తేల్చుకుందాం. వంతెన దగ్గర ఆసుపత్రిలో ఉన్నది మీ సొంత అక్కగారు. అవునా? ఇదంతా ఆవిడ కోసమే కదా?"

బల్ల చుట్టూ తలలు తిరిగాయి. ఆవిడ దులుపుకుంటుందనీ, కాదు కాదు ప్రజల కోసమంటుందనీ అందరూ ఎదురుచూశారు.

"అవును సార్, మా అక్క కోసమే" అంది కార్యదర్శమ్మ.  "మా అక్క చెయ్యి కాలింది కాబట్టే నాకు నిద్ర పట్టడం లేదు. మీలో ఒక్కరి అక్కయినా ఆ వంతెన పక్కనుంటే, ఈ గదిలో ఒక్క వాయిదా పడేది కాదు. మీకు అక్కడెవరూ లేరు. అందుకే మీకు తీరిక లేదు. ఇప్పుడు వచ్చారు, సంతోషం. కాపలా తీసెయ్యాలనుకునేవాళ్ళు తీసెయ్యమని మీ నోటితో చెప్పండి. ఎవరన్నారో వాళ్ళ పేరుతో రాసుకుంటా."

కలం తీసుకుని సిద్ధంగా కూర్చుంది.

పోలీసు పెద్దాయన రవాణా పెద్దాయన వంక చూశాడు. ఆయన కిటికీ వంక చూశాడు. ఆర్థిక పెద్దాయన గ్లాసు మూత తీసి, మళ్ళీ పెట్టాడు. మాట తోసెయ్యడానికి వెనక గోడవార ఒక్కరూ లేరు. అందరూ బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. అధ్యక్షుడు ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు. చూపు తన దగ్గరికే వచ్చి ఆగింది.

"కానివ్వండి" అన్నాడు చివరికి.

"ఏది సార్? ఉంచడమా, తియ్యడమా?"

"ఉంచండి!" అని అరిచాడు.

"మీ పేరుతోనే రాస్తున్నాను" అంది కార్యదర్శమ్మ. రాసింది. సంతకం పెట్టించింది. సామాన్ల గది తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికొచ్చేసింది.

రోడ్డు మీదకి రాగానే అక్కకి ఫోను చేసింది. "ఉంటారే. నీ వంతెన మీద ఇంకో ఏడాది ఉంటారు. నన్ను మాత్రం గోదాముకి తోసేశారు."

అక్క మెచ్చుకుంటుందని, కాస్తయినా ఏడుస్తుందని అనుకుంది. అవతల ఎవరో మూలుగుతున్నారు, ఇంకెవరో నీళ్ళు తెమ్మని కేకలేస్తున్నారు.

"అవతలి గట్టు నుంచి ఒకమ్మాయి వచ్చిందే, కవలలు. తల కనిపిస్తోంది" అంది అక్క హడావుడిగా. "గోదామూ గాడిదగుడ్డూ తర్వాత చెప్పు. పెట్టెయ్!"

కార్యదర్శమ్మ నడిరోడ్డు మీదే గట్టిగా నవ్వింది. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. ఆవిడ ఇంకా గట్టిగా నవ్వింది.