నూనె అంటని నట్లు

నేను మరమగ్గాల మెకానిక్‌ని. సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో మా షెడ్డు చుట్టుపక్కల ఏ మగ్గం మొరాయించినా నాకే ఫోన్ వస్తుంది. అలాంటివాణ్ణి, వేలెడంత కూడా లేని ఒక నట్టు చేతిలో ఓడిపోతానని ఎవరైనా అంటే నవ్వి ఉండేవాణ్ణి. ఓడిపోయాను. అదీ మా ఇంటి ముందే, మా ఆవిడ చూస్తుండగా.

సంగతేమిటంటే, మా ఇంటి ముందు రేకుల పంచలో నేనొక కారు తయారు చేస్తున్నాను. కొనలేక కాదు, సరదాకి అని అందరికీ చెబుతాను. కొనలేకే. ఇంజను ఒక పాత చిన్న కారుది. చక్రాలు తుక్కు బజారువి. చదరపు పైపుల చట్రం మాత్రం నేనే వెల్డింగ్ చేశాను, అందుకే కాస్త వంకర. రోడ్డెక్కే కాగితాలు దానికి లేవు, రావు కూడా. సొసైటీ గేటు లోపల మా వీధి చివరిదాకా పోయి వస్తే నాకు చాలు. అందులో మా ఆవిడను కూర్చోబెట్టి ఒక్క చుట్టు తిప్పాలి, అంతే నా కోరిక.

వేసవిలో ఆ చుట్టు మొదలుపెట్టాను. కాళ్ళ కింద రేకును పైపులకు మామూలు స్క్రూలతో బిగించాను. పైపు పలచన, స్క్రూకు పట్టు దొరకలేదు. నాలుగిళ్ళు దాటేసరికి ఒక్కొక్కటే ఊడి రాలిపోయాయి. రేకు ఒక పక్కకు దిగింది. మా ఆవిడ చెప్పు ఆ సందులోంచి కింద పడింది. దాని మీదుగా వెనక చక్రం పోయింది. ఆమె కారు ఆగేదాకా కిక్కురుమనలేదు. దిగి, ఒంటి చెప్పుతో ఇంటికి నడిచి, గడప మీద నిలబడి తీర్పు చెప్పింది.

"ఇగో, దివాళీ సఫాయికి భంగారోడు వస్తడు గదా. గప్పటిదాక రేకు గట్టిగ చేస్తివా, సరే. లేకుంటే గీ డబ్బాను గూడ ఆని బండిల ఎక్కిస్త."

దీపావళికి సూరత్‌లో మగ్గాలు ఆగుతాయి, ఇళ్ళన్నీ దులుపుతారు, తుక్కు కొనే భంగార్ బండి ప్రతి వీధికీ వస్తుంది. మా ఆవిడ మాటంటే మాటే. నేను బాగు చేస్తూ చేస్తూ ఉన్న టేబుల్ ఫ్యాను ముందటేడు అలాగే వెళ్ళిపోయింది.

హజీరాలో ఫిట్టర్‌గా పనిచేసే మా బామ్మర్ది వచ్చి చట్రమంతా తట్టి చూశాడు.

"బావా, గా పైపు లోపల నట్టు పట్టుకుందామంటే చెయ్యి దూరదు. రివెట్ నట్టు ఎయ్యి," అన్నాడు.

జేబులోంచి ఒకటి తీసి చూపించాడు. చిన్న గొట్టం, దాని లోపల మర. బయటి నుంచే రంధ్రంలోకి దూర్చి, పనిముట్టుతో లోపలి కొసను మన వైపు లాగితే దాని నడుం ముడతపడి, పెళ్ళి భోజనం చేసినవాడి పొట్టలా ఉబ్బుతుంది. ఇక ఆ రంధ్రంలోంచి బయటికి రాదు. అందులో బోల్టు బిగించుకోవచ్చు. చూడగానే నాకు దాని మీద ప్రేమ కలిగింది.

ఆ లాగే పనిముట్టు కోసం ఇద్దరం బజారుకు వెళ్ళాం. దుకాణదారు మూడు రకాలు పరిచాడు. ఒకటి పట్టకారు లాంటిది, ఒకటి రెండు పొడుగాటి చేతులున్నది, ఇంకొకటి బ్యాటరీతో నడిచేది. "యే లే జావ్ భాయ్, మఖ్ఖన్ జైసా చలేగా," వెన్నలా నడుస్తుందంటూ బ్యాటరీదాన్ని నా ఒళ్ళో పెట్టినంత పని చేశాడు. బామ్మర్ది రెండు చేతులదాన్ని కొనమన్నాడు. నేను మూడింటినీ తిరగేసి మరగేసి చూసి పెదవి విరిచాను.

"దీంట్ల ఏమున్నదిరా? ఒక బోల్టు, దాన్ని గుంజే ఉపాయం. గింత దానికి కొనుడేంది? నేనే చేస్త."

దుకాణదారుకు తెలుగు రాదు గానీ ముఖాలు చదవడం బాగా వచ్చు. మూడింటినీ తిరిగి అరలో పెట్టేశాడు.

చేశాను కూడా. పొడుగాటి బోల్టు, దాని తల కింద మగ్గం నుంచి తీసేసిన బేరింగు, ఒక వాషరు, పైపుకు ఆనుకునేలా రంధ్రం వేసిన ఇనుప దిమ్మె. బోల్టు కొసకు రివెట్ నట్టు ఎక్కించి, రంధ్రంలో దూర్చి, దిమ్మెను ఒక పానాతో కదలకుండా పట్టుకుని, రెండో పానాతో బోల్టు తల తిప్పాలి. నట్టు ముడతపడాలి.

నట్టు ముడతపడలేదు. బోల్టుతో పాటే రంధ్రంలో గిర్రున తిరిగింది. ఇంకొకటి వేశాను. అదీ తిరిగింది. బేరింగును తిట్టి మార్చాను. డ్రిల్లు బిట్టును తిట్టి మార్చాను. నట్లు అమ్మినవాణ్ణి తిట్టాను గానీ వాణ్ణి మార్చలేకపోయాను. బామ్మర్దికి ఫోన్ చేస్తే, "రంధ్రం పెద్దగ పడ్డదేమో బావా, గందుకే కొనమన్న," అన్నాడు. వాణ్ణీ తిట్టాను. పండగ దగ్గరపడుతోంది, పైపు జల్లెడ అవుతోంది.

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి మసాలా డబ్బా పట్టుకుని వచ్చింది. గారెలు వేస్తోంది, చేతుల నిండా నూనె.

"జర గీ మూత తియ్యి, జారుతున్నది."

నా చేతులకూ నూనే. మగ్గాల మెకానిక్ చేతులకు నూనె లేనిదెప్పుడు? ఎంత బిగబట్టినా మూత కదలలేదు. ఆమె డబ్బా లాక్కుని, కొంగుతో మూత తుడిచి, పొడి కొంగుతోనే పట్టి తిప్పితే ఊడొచ్చింది. లోపలికి వెళ్ళబోయి ఆగింది. కారు కింద ఉన్న నా నూనె డబ్బాను చూసింది. నూనె కారుతున్న నట్టును చూసింది.

"గా నట్టుకు నూనె ఎందుకు పోసినవ్?"

"పొయ్యకుంటే ఎట్ల?"

"ఎందుకు పొయ్యాలె అంటున్న."

మగ్గం ఆగితే నూనె, చప్పుడైతే నూనె, బాగానే నడుస్తుంటే ముందుజాగ్రత్తకు నూనె. ఇన్నేళ్ళుగా చేతికి తెలిసిన విద్య ఇదొక్కటే. పనిముట్టు చేయడం మొదలుపెట్టిన రోజు నుంచి బోల్టుకూ, నట్టుకూ, రంధ్రానికీ ధారగా పోస్తూనే ఉన్నాను. రంధ్రం అంచును కరిచి పట్టుకోవాల్సిన నట్టుకు జారడం నేనే నేర్పాను.

మిగిలిన నట్లన్నీ మా ఆవిడ సబ్బు నీళ్ళలో కడిగి, మేడ మీద చాటలో ఎండబెట్టింది, ఎండుమిరపకాయల పక్కన. పాత రంధ్రాల పక్కన కొత్తవి వేసి, పొడి గుడ్డతో తుడిచాను. ఆమె నూనె డబ్బా తన చేతిలోకి తీసుకుంది. చెవిలో మందు వేసినట్టు బోల్టు మరకు మాత్రం ఒక్క చుక్క వేసి, మూత పెట్టేసింది. పానా తిప్పాను. బిగిసింది. ఇంకా తిప్పాను. ఇనుము మెత్తగా నలుగుతున్నట్టు చేతికి తెలిసింది. బోల్టు విప్పి తీస్తే నట్టు అక్కడే, రంధ్రంలో గట్టిగా కూర్చుని ఉంది. నేను వేసిన కేకకు ఎదురింటివాళ్ళు బయటికి వచ్చారు.

రేకుకు చివరి బోల్టు బిగించేసరికి భంగార్ బండి వీధిలోకి వచ్చేసింది. తోసేవాడు మా కారును చూసి, బండి ఆపి, తూకం అంచనా కడుతూ నిలబడ్డాడు. నేను చేతులు తుడుచుకుని ఎడమ పక్క తలుపు తెరిచి పట్టుకున్నాను. మా ఆవిడ కొత్త చెప్పులతో వచ్చింది. ఎడమ పక్కకు రాలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

"నీకు నడప వస్తదా?"

"రాదు. నువ్వు చెప్పు."

చెప్పాను. క్లచ్ మెల్లగా వదలమన్నాను. ఒక్కసారే వదిలింది. కారు దుమికి నేరుగా భంగార్ బండి మీదికి పోయింది. బండివాడు బండిని వదిలేసి అరుగెక్కాడు. నా వైపు బ్రేకు లేదు. అయినా రెండు కాళ్ళతో కింది రేకును నా బలమంతా పెట్టి తొక్కాను, దేవుణ్ణి పిలిచాను, ఆమెను పిలిచాను. ఆమె తన కాలి కింద ఉన్న బ్రేకును వెతికి తొక్కేసరికి మధ్యలో జానెడు ఖాళీ మిగిలింది. ఇంజను ఆగిపోయింది.

నా కాళ్ళు ఇంకా రేకును తొక్కుతూనే ఉన్నాయి. ఆమె వంగి వాటిని చూసింది. రేకు ఎక్కడా దిగలేదు.

"గట్టిగనే ఉన్నది," అంది. "భయమైందా?"

అయిందని తలూపాను.

"ఇన్నేండ్లు నీ మోటరు సైకిల్ ఎనక నా పానం గిట్లనే పోయేది. నాకు తొక్కనీకె రేకు గూడ లేకుండె."

తల కిటికీలోంచి బయటపెట్టి, అరుగు మీద వణుకుతున్నవాడితో బండి పక్కకు తీయమంది. నేను రెండు పాదాలూ రేకు మీద గట్టిగా ఆనించి కూర్చున్నాను. ఆమె తాళం తిప్పింది.