మా నాన్నగారు కట్టిన భోషాణం

మా చిన్నప్పుడు... పొద్దున్నే గుగ్గిలం వాసనకే మెలకువ వచ్చేది. ఇంటి పక్కన తాటాకు పాకలో మా నాన్నగారు పడవలు కట్టేవారు. గుగ్గిలాన్ని నూనెలో కాచి, అందులో కొబ్బరి పీచు తడిపి, చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లోకి కూరేవారు. ఆ పని అయ్యాక పడవలోకి చుక్క నీరు దిగేది కాదు. రాజోలు దగ్గర వశిష్ఠ ఒడ్డున చిన్న లంక మాది. అప్పటికింకా గోదారికి ఆనకట్ట లేదు.

ఊరందరికీ పడవలు కట్టిన మనిషి సొంతింటికి ఒక పీట కూడా సరిగ్గా చేసిపెట్టలేదు... మా అమ్మకి ఉన్నదల్లా ఒకటే కోరిక, భోషాణం. మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత పెద్ద చెక్క పెట్టె. బట్టలూ, ఇత్తడి సామానూ అన్నీ అందులోనే. అది ఉన్న ఇల్లాలికి నలుగురిలో ఒక గౌరవం. కాపరానికొచ్చిన నాటి నుంచీ అమ్మ అడుగుతూనే ఉంది, నాన్నగారు ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు.

ఒక వేసవిలో పెరట్లో పనసచెట్టు గాలివానకి పడిపోయింది. ఇక ఆయనకి తప్పించుకునే దారి లేకపోయింది.

ఆ చెక్క చిత్రిక పడుతుంటే పసుపు రాసినట్టు మెరిసేది. నాన్నగారి తల్లి, మా మామ్మ, పాక గుమ్మంలో కూర్చుని వత్తులు చేసుకుంటూ కొడుకు పనికి వంకలు పెట్టేది. ఇక్కడ వంకర, అక్కడ ఎత్తు అంటూ... ఆయన వినీ విననట్టు పని చేసుకునేవారు. పలకలన్నీ బిగించాక, ఎవరూ అడక్కుండానే, సందుల్లోకి పీచు కూరడం మొదలుపెట్టారు.

"పెట్టె చెయ్యమంటే పడవ కడతన్నారేంటండీ?" అంది అమ్మ.

ఆయన నవ్వేశారు. చేతికి అదే అలవాటు మరి... సందు కనబడితే ఊరుకోలేరు.

అంతా అయ్యాక లోపల పెడదామని చూస్తే అది గుమ్మంలో పట్టలేదు! పాకలోంచి నేరుగా ఏట్లోకి తోసేవే కట్టిన మనిషికి గుమ్మం కొలత ఎందుకు గుర్తొస్తుంది? అమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుని తిరిగింది. చివరికి భోషాణం పంచలోనే ఉండిపోయింది. మామ్మకి మాత్రం పండగే. దాని మీద చాప పరుచుకుని, ఏటిగాలికి అక్కడే పడక వేసేసింది.

ఆ ఏడు శ్రావణంలో గోదారి పోటెత్తింది. ఎర్రనీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి నిలబడ్డాయి. ఒక మధ్యాహ్నం జోరువానలో గట్టు తెగింది... మేం అన్నం తింటున్నాం. కంచాలు అక్కడే వదిలేసి లేచాం.

నాన్నగారు చిన్న దోనె తెచ్చారు. అమ్మా, నేనూ, చంకలో తమ్ముడూ ఎక్కేసరికి అది నిండిపోయింది. మా వైపు వరదొస్తే ముసలివాళ్ళని భోషాణం ఎక్కించడం మామూలే. సందుల్లోంచి నీళ్ళు లోపలికి దిగి పెట్టె ఇంకా బరువెక్కుతుంది, ఎంత వరదకీ కదలదు. అందరిలాగే మా నాన్నగారూ అదే చేశారు.

"పెట్టె మీంచి దిగకమ్మా. నలుగురు పట్టినా కదలదది. ఈళ్ళని మెరక మీద దింపి ఇట్టే వచ్చేత్తాను."

"ఆయ్... ఎల్లు నాయనా, పిల్లలు తడిసిపోతన్నారు" అంది మామ్మ.

దోనె కదులుతుంటే, తల తుడుచుకోమని నాకు చేత్తో సైగ చేసింది. నేను ఆవిణ్ణి చూడ్డం అదే ఆఖరు.

నాన్నగారు తిరిగి వెళ్ళేసరికి పంచ రాటలు నిలబడే ఉన్నాయి. భోషాణం లేదు... మామ్మ లేదు. పక్కింటి తాతగారు తన భోషాణం మీద నడుంలోతు నీళ్ళలో కూర్చుని బతికి బయటపడ్డారు. వాళ్ళ పెట్టె నీళ్ళు తాగింది. మాది తాగలేదు.

ఆ రాత్రి నాన్నగారు అమ్మతో ఒక్క మాటే అన్నారు.

"నా చేత్తోనే పడవ కట్టి, అమ్మని ఎక్కించి పంపేసేనే."

వరద తీశాక, అంతర్వేది వైపు మొగలి పొదల్లో చిక్కుకుని ఉందని జాలర్లు భోషాణాన్ని తెచ్చి ఇచ్చారు. మూత తీస్తే అమ్మ పెళ్ళిచీర మడత కూడా నలగలేదు. వాళ్ళలో పెద్దాయన మనసారా మెచ్చుకున్నాడు. "చుక్క నీరు దిగలేదండీ. ఏం పనితనమండీ!" నాన్నగారు లేచి ఏటివైపు వెళ్ళిపోయారు. మామ్మ దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించారు. ఆ పెట్టెని అమ్మ మళ్ళీ ముట్టుకోలేదు.

మెప్పు మాత్రం ఊళ్ళు దాటింది. తడవని భోషాణం కావాలంటూ కొత్తపేట నుంచి కూడా మనుషులు వచ్చేవారు. నాన్నగారు పడవలు మానేసి పెట్టెలే చేశారు. అయితే, అప్పగించే ముందు ప్రతిదానికీ అడుగున బొటనవేలు పట్టేంత బెజ్జం వేసేవారు. తడవకూడదనే కదా మీ దగ్గరికొచ్చాం, ఎలకలు దూరతాయి అని వాళ్ళు మొత్తుకునేవారు. కొందరు తిట్టుకుంటూ పట్టుకెళ్ళేవారు, కొందరు వద్దని పోయేవారు. ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు. మాకు చెప్పక్కర్లేదు...

ఆయన పోయి చాలా కాలమైంది. ఆనకట్ట వచ్చింది, గట్లు ఎత్తు చేశారు. మా లంక పిల్లలకి ఆనాటి వరద ఒక కథ. నాన్నగారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ కొడుకులు ఇప్పుడు భోషాణాలు చేస్తున్నారు, అడుగున బెజ్జం వేసి మరీ. అదెందుకని మొన్న ఒకతన్ని అడిగాను.

"గాలాడ్డానికండీ" అన్నాడు.

ఇంటికి వచ్చేశాను. ఎంత ఏడుపు, ఎంత తేలిగ్గా గాలైపోయిందో...

మీ ఇంట్లో పాత భోషాణం ఉంటే ఒక్కసారి వంగి దాని అడుగు చూడండి. బెజ్జం కనబడితే నాకు చెప్పండి... అది మా మామ్మ కోసం వేసింది.