వెయ్యోవంతు కణం

పరిశోధనాలయంలో ఆయన్ని అందరూ సమీకరణం గారనే పిలుస్తారు. కణితికీ, దాన్ని చంపే రక్షక కణాలకీ మధ్య జరిగే యుద్ధాన్ని లెక్కల్లో రాయడం ఆయన ఉద్యోగం. నిజమైన కణితిని జన్మలో చూసి ఎరగడు. వేలు తెగితే కళ్లు తిరిగి పడిపోయే మనిషి. అయినా రక్షక కణాల్ని పిల్లుల్లా, కణితి కణాల్ని ఎలుకల్లా కంప్యూటర్లో పరిగెత్తించి, సదస్సుల్లో చప్పట్లు కొట్టించుకునేవాడు.

అంతటివాడి అక్కకే కణితి వచ్చింది. వైద్యం పూర్తయ్యాక స్కానింగులో ఏమీ కనపడలేదు. బట్టలు కుట్టే అక్క, వీధి మలుపులో గది అద్దెకు తీసుకుని సొంతంగా షాపు పెట్టాలని ముచ్చటపడింది. పనిలో పనిగా, ఇది మళ్లీ వస్తుందా అని తమ్ముణ్ణి అడిగింది. వైద్యం చేసిన డాక్టరమ్మను అడగమంటే సరిపోయేది. అలా అనడానికి ఆయనకు నామోషీ అడ్డొచ్చింది.

అక్క రిపోర్టుల్లోని అంకెలన్నీ తెచ్చి లెక్కలో వేశాడు. కంప్యూటర్లో కణితి కణాల సంఖ్య చూపే గీత కిందికి దిగి, నేలబారుగా పాకి, ఉన్నట్టుండి కొండలా లేచింది. అంటే కణితి మళ్లీ వస్తుందన్నమాట. షాపుకి తొందరేముందిలే అని అక్క దగ్గర నీళ్లు నమిలాడు. ఆ మొహం చూసి ఆమె షాపు ఆలోచన మానుకుంది. గది ఫోన్లు బాగుచేసేవాడి పాలైంది.

అంత దుఃఖంలోనూ గీత మరీ అందంగా ఉందనిపించి, అక్క పేరు తీసేసి సదస్సులో పెడదామనుకున్నాడు మహానుభావుడు. ఆ దుర్బుద్ధే మేలు చేసింది. పోస్టరు కోసం గీతను పెద్దది చేస్తే, అది నేలబారుగా పాకిన చోట మిగిలింది ఒక కణంలో వెయ్యోవంతు. అంకెల్లో వెయ్యోవంతు ఉంటుంది గానీ, ఒంట్లో కణం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. లేని కణమే పిల్లల్ని పెట్టి కొండైంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. ఒకటికి తక్కువైతే సున్నా అని లెక్కలో రాయగానే కొండ మాయమైంది.

పరుగున వెళ్లి, తల దించుకుని జరిగిందంతా అక్కకు చెప్పాడు.

"అయితే ఇక రాదన్నమాట," అంది అక్క.

అవుననబోయాడు. మొన్న కొండలా లేచిందీ ఈ గీతే కదా అని గుర్తొచ్చి సిగ్గేసింది.

"తెలీదక్కా. నా లెక్కకీ తెలీదు, నాకూ తెలీదు."

అక్క కత్తెర పక్కన పెట్టింది.

"డాక్టరమ్మా అదే చెప్పిందిరా. తెలీదు, అయినా షాపు పెట్టుకో అంది. నేనే నీ మొహం చూసి ఆగిపోయాను."