బండిని బెత్తెడు లేపిన సంగతి

నా పేరు ఈరమ్మ. డెబ్బై ఏండ్లు దాటినయి. మాది అయిజ పక్క పల్లె. ఇంట్ల నేను, కొడుకు తిమ్మప్ప, కోడలు సుజాత. నాకు సదువు రాదు, నేను చెప్తుంటె కోడలు ఫోన్ల రాస్తుంది.

మా ఆయన పోయినంక ఆయన మోటర్ సైకిల్ బండి కొడుకు నడుపుతుండు. చేనుకు పోయే తొవ్వల ఇంజనుకు రాళ్లు తగులుతున్నయని, నిన్న పొడుగు షాకప్సర్లు ఏయించి బండిని బెత్తెడు ఎత్తు లేపిచ్చిండు.

పొద్దుగాల ఎక్కబోతె నాకు కాలు అందలే.

"అమ్మా, నువ్వు ఇంటికాడనే ఉండరాదే" అన్నడు.

"నా చేనుకు నేను పోవద్దారా?" అని అరుగు మీదికెల్లి ఎక్కి కూసున్న.

రాళ్లకాడికి రాంగనే ఆపుమన్న.

"ఎందుకే? ఇప్పుడు తగలదు. గుంతల పడ్డా షాకప్సర్లు దిగి మల్ల లేస్తయి."

"బండికి తగలకుంటె తగలకపాయె. నేను దిగుత."

ఆయన ఉన్నప్పుడు, ఇద్దరి బరువుకు ఇంజను గీసుకుంటదని ఆడ నన్ను దిగమంటుండె. తను బండి తోసుకుంట, నేను పక్కన నడుసుకుంట పోతుంటిమి. ఇంట్ల అత్తమామల ముందల నాతోని నోరిప్పని మనిషి, ఆ రాళ్లల్ల మాత్రం ముచ్చట పెడుతుండె, నవ్వుతుండె. మా కాపురంల మాటలన్నీ ఆ జరంత తొవ్వలనే.

కొడుకు జర్రున దాటి, అవతల నిలబడి హారన్ కొట్టిండు. కొట్టుకోనీ అని మెల్లగనే నడిసిన.

రేపు గూడ ఆడ దిగుత. బండి ఆపనంటె ఏం జేయాల్నో మీరే చెప్పుర్రి.

ఏలిముద్ర ఫోన్ల పడదంట, కోడలు ఈ బొమ్మ పెట్టింది: 👍
సాక్షులు: కోడలు సుజాత, పక్కింటి నాగమ్మ.