గేటు దగ్గర నుంచి కనబడే మిద్దె

శేషన్న గడ్డపార మొనను పుచ్చిన దంతె కింద దోపి, రెండు చేతులా అదిమి పైకి లేపాడు. మిద్దె మీది మట్టినీ బండలనూ ముందే దించేశాడు గనుక, దూలాల మీద అడ్డంగా పరిచిన దంతెలే మిగిలి ఉన్నాయి. కొయ్య గోడలోంచి ఊడి, చెదమట్టి రాలుస్తూ కింద పడింది. అతను పక్క దంతె కింద గడ్డపార పెట్టాడు.

ఎదురింటి అరుగు మీద కూర్చున్న తిమ్మయ్య ఆకు నములుతూ, "అట్ల కాదప్పా శేషన్నా. ఈ తట్టు నుంచి ఎత్తల్ల," అన్నాడు.

"రా అన్నా, ఎత్తి చూపిద్దువు."

"నాకు నడుము పట్టుకోనుండాది గదా."

తిమ్మయ్య శేషన్నకు పెదనాన్న కొడుకు. అతని నడుము పని కనబడినప్పుడే పట్టుకునేది. తుంగభద్ర ఆనకట్ట కట్టేటప్పుడు ఒక వేసవి అక్కడ మట్టి తట్టలు మోసి, ఊరికి తిరిగి వచ్చేసరికి ఆనకట్ట తానే కట్టించినట్టు మాట్లాడటం నేర్చుకున్నాడు. ఆ అరుగు మీద అతనికి తోడు మరో నలుగురు ఎప్పుడూ ఉండేవాళ్లు. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఏ ఆఫీసు ఏ బంగళాలో పెట్టాలో తేల్చింది కూడా వాళ్లే. అంత పెద్ద పనులు చూసే వాళ్లు కనుక, కిందికి దిగి ఎదురింటికి ఒక రాయి అందించడానికి తీరిక దొరకలేదు.

శేషన్న మా ఊరి రైలు గేటు కాపలాదారు. బేతంచెర్ల నుంచి బండల బండ్లు వచ్చే దారి రైలు పట్టాలను దాటే చోట ఉండే గేటు అది. ఇద్దరు మనుషులు వంతుల మీద కాస్తారు. ఒకడు పగలు, ఒకడు రాత్రి. రైలు వచ్చినా రాకపోయినా మనిషి అక్కడ ఉండాల్సిందే. ఇల్లు బాగు చేసుకుంటున్నానంటే సెలవిచ్చే ఉద్యోగం కాదు. అందుకని శేషన్న తోటి గేటు మనిషి దేవేంద్రప్పతో మాట్లాడుకుని రాత్రి వంతు తీసుకున్నాడు. పొద్దున గేటు అప్పగించి, రెండు ముద్దలు తిని, మిద్దె ఎక్కేవాడు. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో కాసేపు కన్ను మూసేవాడు. తాపీ పట్టిన వాళ్లంతా కర్నూలులో కొత్త కట్టడాలకు పోయారు. ఉన్న ఒక్క మేస్త్రీకి కబురు పంపితే, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

శేషన్నకు వచ్చే ఏడు దాకా ఆగే వీలు లేదు. ఆ ఇల్లు అతని కోసం కాదు, చెల్లెలు గిడ్డమ్మ కోసం. నందికొట్కూరు పక్క పల్లెకు ఇచ్చారు ఆమెను. మొగుడు పోయాక అత్తవారు గొడ్ల కొట్టంలో ఒక మూల చూపించి, ఇద్దరు కూలీల చాకిరీ చేయించుకున్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ఆదరించడం. వేసవిలో ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని అన్న దగ్గరికి వస్తే, గేటు పక్క రైలువాళ్లిచ్చిన గదిలో ఒక మంచం పడితే ఇక కాలు పెట్టడానికి చోటు లేదు. వెనకాలే మరిది వచ్చి చెప్పిపోయాడు.

"ఏరువాకకు బండి తోలుకోనొస్తా వదినా. నీకంటూ ఇల్లుంటే ఉండు. లేకుంటే మాట్లాడకుండా బండెక్కు."

ఊళ్లో తండ్రి వదిలిపోయిన పాత మిద్దె ఒకటి తాళం పెట్టి పడి ఉంది. మొదటి వానకు అది తడవకుండా నిలబడితే గిడ్డమ్మ ఉంటుంది, కారితే పోతుంది. అంతే లెక్క.

కొత్త తుమ్మ దంతెలు పడ్డాయి. బండలు పరచడమైంది. సందుల్లో రాతి చెక్కలు కొట్టి సున్నం నింపాడు. ఇక మిగిలింది పైన చవుడు పోయడం. వాగు అవతల, గడ్డి కూడా మొలవని తెల్లటి చవుడు నేల ఉంది. ఆ మట్టి ఎండకు పగలదు, వానకు అణిగి నీళ్లను కిందికి దిగనివ్వదు. మా తట్టు మిద్దెలన్నీ దాని దయ మీదే నిలబడ్డాయి.

సరిగ్గా అప్పుడు దేవేంద్రప్ప బావమరిది పెళ్లి వచ్చింది. అతను ఊరికి పోతే, రాత్రికి మాత్రమే స్టేషను నుంచి మనిషి వస్తాడు గనుక, శేషన్న పగటి వంతుకు దిగక తప్పలేదు. బండి తోలే ఏసేపుకు చవుడు తెమ్మని చెప్పి, ఎత్తడానికి ఇద్దరు కూలీలను పెట్టాడు.

"నువ్వు పోప్పా, నేను చూసుకుంటా గదా," అన్నాడు తిమ్మయ్య.

శేషన్న సరేనన్నాడు. ఆ ఇల్లు కట్టడంలో అతను చేసిన తప్పు ఇదొక్కటే.

గేటు ఎత్తైన కట్ట మీద ఉంది. అక్కడి నుంచి ఊళ్లో ఆ మిద్దె బాగా కనబడుతుంది. మధ్యాహ్నం దాటాక శేషన్న గేటు వేసి, జెండా చేతబట్టి ఊరి వైపు చూశాడు. కూలీలు తట్టలు ఎత్తుతున్నారు. మిద్దె మీద పరుచుకుంటున్నది తెల్లగా లేదు. నల్లగా ఉంది.

ఊరి వైపు నుంచి ఏసేపు ఖాళీ బండి తోలుకుంటూ వచ్చి గేటు ముందు ఆపాడు.

"ఏమప్పా ఏసేపూ, చవుడు యాడ?"

"తిమ్మన్న వద్దన్యాడు గదా. చెరువు కాడ రేగడి పోయమన్యాడు, పోసినా. నీకు చెప్పే చేస్తాండామన్యాడే?"

"నాకెవరు చెప్పినారు?"

"నాకేం తెలుసు శేషన్నా. ఆనకట్ట కట్టినోడు చెప్తాండాడు, బండి తోలేటోడు ఏమనల్ల?"

శేషన్న ఊరి వైపు ఒక అడుగు వేసి ఆగాడు. డోన్ నుంచి వచ్చే గూడ్సు కూత వినబడింది. గేటు వదిలి పోవడానికి లేదు. ఒక్కొక్క నల్ల తట్టా పైకి పోవడం చూస్తూ, పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. ఆ గూడ్సు ఎంతకీ తరగలేదు. చివరి పెట్టె దాటాక గేటు ఎత్తి, ఏసేపుతో ఒకే మాట అన్నాడు.

"వాగు దాటి పో. తెల్లది తే. ఇంగ ఎవరేం చెప్పినా వినొద్దు."

సాయంత్రం స్టేషను నుంచి వచ్చిన మనిషికి గేటు అప్పగించి ఇంటికి పోయేసరికి ఇంకా ఎండ ఉంది. అరుగు మీద అందరూ సంతోషంగా ఉన్నారు. గిడ్డమ్మ ఒక్కతే గుమ్మం దగ్గర మొహం ముడుచుకుని నిలబడి ఉంది.

"నేను వద్దంటాంటే వినల్యా అన్నా," అంది. "ఆడదానివి నీకేం తెలుసు అన్యారు."

తిమ్మయ్య లేచి నిలబడ్డాడు. ఆ రోజు నడుము బాగానే ఉంది.

"చూడప్పా. అంత పెద్ద తుంగభద్ర కట్ట నడిమధ్యన వాళ్లు పోసింది నల్లమట్టే. ఈ కండ్లతో చూసినా. అంత నీళ్లను ఆపిన మట్టి నీ మిద్దె మీద నాలుగు చినుకులను ఆపదా?"

అరుగు మీది వాళ్లు తలలూపారు. మాట నిండుగా ఉంటే చాలు, ఆ తలలు ఊగేవి.

శేషన్న నిచ్చెన ఎక్కాడు. మొదట తడిపి పరిచిన వైపు ఎండకు అప్పటికే నెర్రెలు విచ్చింది. ఒక నెర్రెలో వేలు పెడితే సగం దిగింది.

"అన్నా, ఈడికి రా," అని పిలిచాడు. తిమ్మయ్య రాలేదు, మెడ చాచి చూశాడు.

"కట్ట నడుమున మట్టికి ఎండ తగలదు. ఎప్పుడూ తడిలోనే ఉంటాది. మన మిద్దెకు నీళ్లు యాడున్నాయి? ఎనిమిది నెలలు ఎండల్లోనే గదా ఉండాది."

"వాన పడితే అవే మూసుకుంటాయిలేప్పా."

"మూసుకునేలోపల నీళ్లు యాడికి పోతాయి? కింద పిల్లోళ్లు పండుకోనుంటారు."

"నీకు మంచి చెప్తే వినవు," అన్నాడు తిమ్మయ్య. అతని నడుము మళ్లీ పట్టుకున్నట్టుంది, కూర్చున్నాడు. చేసిన తప్పుకు నొచ్చుకునే అలవాటు మాటల మనుషులకు ఉండదు. ఇంకో మాట దొరికితే వాళ్ల కడుపు నిండుతుంది.

శేషన్న పార తీసుకుని నల్లమట్టిని గీకి కిందికి తోయడం మొదలుపెట్టాడు. గిడ్డమ్మ చెంగు బిగించి తట్ట అందుకుంది. దేవేంద్రప్ప తిరిగి వచ్చేదాకా అన్న పొద్దున డ్యూటీకి ముందు కొంత, సాయంత్రం వెలుగుండగా కొంత పని చేస్తే, పగలంతా చెల్లెలు చేసింది. అరుగు మాత్రం ఆ నల్లమట్టిని దిబ్బలో వెయ్యాలా, దొడ్లో వెయ్యాలా అని చర్చించింది.

రేగడి పెళ్ల ఒక్కటి కూడా లేకుండా బండలు చీపురుతో ఊడ్చాక, ఏసేపు తెచ్చిన చవుడు ఎత్తారు. శేషన్న దాన్ని మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో సర్దాడు. నీళ్లు పోయే రాతి దోనె వైపు వాలు ఉందో లేదో కన్ను నేలకు ఆనించి చూసుకున్నాడు. కొయ్యదిమ్మెతో మెల్లగా కొట్టాడు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాక్షి చుట్టూ నీళ్లు జారకుండా రాయీ సున్నంతో గట్టు కట్టాడు. ఆ గట్టు నచ్చక రెండుసార్లు ఊడదీసి మళ్లీ కట్టాడు. అప్పటికి అరుగు ఖాళీగా ఉంది. ఎండ మీదికొచ్చిందని లోపలికి పోయి ఉంటారు.

వాన రోహిణి కార్తె దాటిన వెంటనే పడింది. రెండు జాములు ఆగకుండా కురిసింది. గిడ్డమ్మ పిల్లలను గోడ పక్కన కూర్చోబెట్టి, పైకి చూస్తూ ఉండిపోయింది. బయట దోనె నుంచి నీళ్లు ధారగా దూకుతున్నాయి. లోపల నేల పొడిగా ఉంది. ఎదురింటి తిమ్మయ్య మిద్దె కింద మాత్రం గిన్నెలు పెట్టిన చప్పుడు వినబడింది. తన మిద్దెకు ఆ ఏడు చవుడు పోయడానికి అతనికి తీరిక లేకపోయింది.

నేల ఆరకముందే మరిది బండి తోలుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి మిద్దె వైపు చూశాడు, గోడ మీద చెయ్యి వేశాడు, నిమ్ము కోసం వెతికాడు. దొరకలేదు.

"కూలోళ్లు దొరకడం ల్యా వదినా. ఈ ఒక్క కారు సేద్యానికి వచ్చిపో," అన్నాడు. ఆదరించే గొంతు కాదు అది.

"నా ఇల్లు ఈడ ఉండాది," అంది గిడ్డమ్మ. "నాకూ పనుండాది. నువ్వు పో నాయనా, ఎద్దులు అలిసినాయి, నీళ్లు పెట్టి పో."

బండి పోయాక శేషన్న తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"మిద్దె మీద గడ్డి మొలిస్తే చిన్నగా ఉన్నప్పుడే పెరుకు. ఏటా వానలకు ముందు ఇంత చవుడు చల్లల్ల. దోనెలో ఆకులు పడనీకు."

"సరేన్నా."

"తలుపు కొంచెం బిగువుగా ఉండాది. తడికి ఉబ్బింది. ఎండకు సరిపోతాది, చెక్కొద్దు."

ఆమె తలుపు ఒకసారి మూసి, తాళం వేసి, మళ్లీ తీసి చూసుకుంది. శేషన్న గడ్డపార భుజాన పెట్టుకుని గేటుకు బయలుదేరాడు.