టిల్లీకి స్నానం చేయించిన రోజు

సోమవారం పొద్దున అవని పనిలోకి వచ్చింది. మీర్‌క్యాట్‌ల ఆవరణలో టిల్లీ ఓ మూల ముడుచుకుని ఉంది. ఒక చెవి తెగి వేలాడుతోంది, తోక మొదట్లో నెత్తురు. మిగతావి వెంట్రుకలు నిక్కించి, తోకలు లేపి, మళ్లీ దాని మీదికి ఉరకబోతున్నాయి. అవని మధ్యలో దూరి టిల్లీని చేతుల్లోకి తీసుకుంది. ముక్కుకు గుప్పున తగిలింది పసిపిల్లల షాంపూ వాసన.

ఇర్వింగ్‌లో పుట్టి పెరిగిన అవని, ప్లేనో నగరానికి ఉత్తరాన ఉన్న ఈ చిన్న జంతువుల పార్కులో కీపర్. ఆఫ్రికా ఎడారి ఇసుకలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే ముంగిస జాతి జంతువులు మీర్‌క్యాట్‌లు. వాటికి తవ్వుకునే వీలుండాలని పోట్లాడి మరీ లోతుగా ఇసుక పోయించింది. చలికాలానికి వేడి దీపాలు పెట్టించింది. ఒకటి దుంగెక్కి కాపలా కాస్తుంటే మిగతావి పురుగుల కోసం ఇసుక తోడేవి. ఎయిర్‌పోర్ట్‌లో దిగే విమానాన్ని చూసి కాపలాది డేగనుకుని అరిస్తే అన్నీ బొరియల్లోకి దూకేవి. గుంపులో పిల్లల తల్లి మేతకు పోయినప్పుడు వాటి దగ్గర కూర్చునేది టిల్లీయే. ఇప్పుడా పిల్లల తల్లే దాని చెవి కొరికింది.

అవని టిల్లీని డాక్టర్‌కు అప్పగించి, తిన్నగా పార్కు యజమాని రామమోహన్ గదిలోకి వెళ్లింది.

"అంకుల్, నిన్న టిల్లీని ఎవరు తీసుకెళ్లారు?"

"నేనేనమ్మా. మా మనవడు శ్రేయాస్ బర్త్‌డే కదా, పిల్లలకు చూపిద్దామని. ఒళ్లంతా కేక్ అంటుకుంటే మావాళ్లు కడిగారు. మంచి షాంపూయేలే."

"వాటికి ఒకదాన్నొకటి స్మెల్‌తోనే తెలుస్తుంది! మీరు ఆ స్మెల్ మొత్తం వాష్ చేసేశారు. ఎవరో స్ట్రేంజర్ వచ్చిందనుకుని అటాక్ చేశాయి."

"దాని చోట్లోనే తెచ్చి దించాను కదా. దాని వాళ్లే అట్లా చేస్తే నేనేం చేసేది?"

అవనికి ఒళ్లు మండిపోయింది. "నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు నో అంటావని," అన్నాడాయన, తేలిగ్గా.

చెవి కుట్లు మానాక టిల్లీని జాలీకి ఇవతల ఉంచి, పాత వాసన మళ్లీ పట్టాలని గుంపు పడుకున్న ఇసుకను దాని ఒంటికి రాసింది అవని. రోజూ రాసింది. ఆ పిల్లల తల్లి మాత్రం జాలీని గోళ్లతో రక్కుతూనే ఉంది. టిల్లీ తిండి మానేసింది. జాలీ దగ్గర కూర్చున్న ప్రతిసారీ అవని, రామమోహన్ నవ్వుమొహం గుర్తొచ్చి, పళ్లు పటపటా కొరికేది.

అలాంటి రోజుల్లోనే ఆయన వచ్చి, "వచ్చే నెల మా ఫ్రెండ్ వాళ్ల ఫంక్షన్ ఉంది. ఈసారి నువ్వు కూడా రా. కడగనివ్వంలే," అన్నాడు.

అవని వెళ్లి కొత్త తాళం కొనుక్కొచ్చింది. ఆయన చూస్తుండగానే ఆవరణ తలుపుకు వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంది.

"ఒక్కటి కూడా బయటికి వెళ్లదు. కావాలంటే నన్ను ఫైర్ చేయండి."

ఆయన మొహం ఎర్రబడింది. కానీ ఆ పని తెలిసినవాళ్లు ఆయనకు వేరే ఎవరూ లేరు. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

గుంపు టిల్లీని మళ్లీ చేర్చుకోలేదు. చివరికి ఓక్లహోమాలో ఒక జూ వాళ్లు, తమ దగ్గర జోడు చనిపోయి ఒంటరైన మగ మీర్‌క్యాట్ ఉందన్నారు. అవనే డ్రైవ్ చేసుకుంటూ టిల్లీని తీసుకెళ్లింది. మొదట జాలీకి అటూ ఇటూ ఉంచారు. కాసేపు బుసలు కొట్టుకున్నాయి. మర్నాటికి జాలీకి ఒళ్లానించుకుని పడుకున్నాయి. తలుపు తీశాక ఆ మగది వచ్చి టిల్లీ తెగిన చెవిని నాకింది. అవని కార్‌లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

అయినా కోపం చల్లారలేదు. కొన్నాళ్ల తర్వాత గుడిలో భోజనాల దగ్గర అమ్మ మోచేత్తో పొడిచింది.

"రామమోహన్ అంకుల్ పిలుస్తున్నారే. పెద్దాయన, ఒక్కసారి హలో చెప్పు."

"చెప్పను," అంది అవని, ఆయనకు వినపడేలాగే. ప్లేట్ తీసుకుని వేరే టేబుల్‌కు వెళ్లిపోయింది.