తోట అవతలికి పిలిచే బెల్లు

టెక్కలిలో బస్సు దిగి టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది, మా మాస్టారు పోయారని. కాలేజీలో నాకు ఎలక్ట్రానిక్స్ చెప్పిన మాస్టారు. కిడ్నీలు పాడై మంచం పట్టిన మనిషే, ఇవాళో రేపో అని అందరం అనుకుంటున్న మనిషే. అయినా గ్లాసు సగంలోనే కింద పెట్టి ఆయన ఊరి బస్సు వెతుక్కున్నాను. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానంలో ఇలాంటి కబురు కొత్త కాదు, వీధికొకటి వస్తూనే ఉంటుంది. అలవాటైపోయిందిలే అని ఎవడైనా అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

క్లాసులో ప్రశ్న అడిగితే జవాబు వచ్చేదాకా మాస్టారు కదిలేవారు కాదు. సుద్దముక్క జేబులో వేసుకుని కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడేవారు. దానికంటే తిట్టినా బాగుండుననిపించేది మాకు. భరించలేక ఎవడో ఒకడు ఏదో ఒకటి వాగేవాడు. అది ఎంత తప్పైనా అడ్డం రాకుండా చివరిదాకా వినేవారు. నా మాట అలా విన్న మనిషి అంతకు ముందు లేడు, ఆ తరవాతా దొరకలేదు.

అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఎంత దూరం మాట్లాడామన్నదే గొప్ప. ఆయనకు మాత్రం దగ్గర దూరాల మీదే మోజు. రెండు పెన్సిల్ సెల్లుల మీద నెలల తరబడి బతికే చిన్న వైర్‌లెస్ సర్క్యూట్ కార్డులు మా చేత చేయించేవారు. ఈ గది నుంచి ఆ గదికి, ఇంటి నుంచి పెరట్లోకి, అంతే. "మాటాడ్డానికి పెద్ద ఖర్సవదురా. ఎవులైనా పిలుత్తారేమోనని సెవి ఒగ్గి కూకోడానికే సెల్లు అయిపోద్ది" అనేవారు. అందుకే కార్డును నిద్రపుచ్చి, రెండు మూడు సెకన్లకోసారి లేపి, పిలుపు వచ్చిందేమో చూసుకుని మళ్లీ పడుకోబెట్టమనేవారు.

జబ్బు ముదిరాక ఉద్యోగం మానేసి బారువ దగ్గర సొంతూరు చేరారు. ఇల్లు గడవాలంటే ఆయన భార్య, మేం అమ్మగారని పిలిచే ఆవిడ, కొబ్బరితోట అవతల ఉన్న జీడిపిక్కల షెడ్డులో పనికి వెళ్లాలి. ఆయన్ని ఒక్కరినీ వదిలి వెళ్లనని ఆవిడ, రోజంతా పక్కన కూర్చుని నా మొహం చూస్తుంటే ఉన్న ప్రాణమూ పోతుందని ఈయన. గొడవ తెగక ఆఖరికి మాస్టారు అలాంటి రెండు కార్డులతో బెల్లు తయారు చేశారు. నొక్కే బొత్తాం ఆయన తలగడ పక్కన, మోగేది ఆవిడ దగ్గర. టంకం మాత్రం నేనే పెట్టాను, ఆయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

మొదట్లోనే ఒకరోజు నొక్కితే ఆవిడ రాలేదు. నొక్కీ నొక్కీ, లేవబోయి గడప దగ్గర పడిపోయారు. నేను వెళ్లి చూస్తే కార్డులు రెండూ బాగానే ఉన్నాయి. ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. జీడినూనె తగిలితే ఏ వస్తువైనా పాడైపోతుందని షెడ్డులో ఆడవాళ్లు గొలుసులూ తాళాలూ రేకు డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. భర్త చేసిచ్చిన వస్తువు కదా అని అమ్మగారు బెల్లును కూడా గుడ్డలో చుట్టి అందులోనే పెట్టారు. మూత బిగించిన రేకులోకి వైర్‌లెస్ పోదు. ఆవిడ తల బాదుకుని ఏడిస్తే మాస్టారు నవ్వారు. "బంగారంతో పాటు నన్నూ దాసేసిందిరా" అన్నారు. ఆ రోజే గుడ్డసంచి కుట్టించి, బెల్లు అందులో పెట్టి ఆవిడ మెడలో వేయించారు.

ఆ తరవాత అది ఎప్పుడూ తప్పలేదు. నొక్కడమే ఆయన తగ్గించేశారు. నొక్కితే పనొదిలేసి పరిగెత్తుకొచ్చేస్తుందని, షెడ్డులో మాట పడుతుందని నాతో ఒకసారి అన్నారు. ఒళ్లంతా నొప్పులున్నా ఆవిడ అన్నానికి వచ్చేదాకా ఓర్చుకునేవారు.

పోయింది కూడా ఆవిడ షెడ్డులో ఉన్నప్పుడే. మధ్యాహ్నం వచ్చి చూసేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

సమాధి చేసి, పాస్టరుగారి ప్రార్థన అయ్యి, చుట్టాలు వెళ్లిపోయాక అమ్మగారు మెడలోంచి సంచి తీసి నా చేతిలో పెట్టారు. "సెప్పు బాబూ. మీ మాస్టారు నొక్కితే ఇది మోగనేదా? నన్ను అసలు పిలవనే నేదా?"

తెలుసుకునే దారి ఒక్కటే. సంచి మళ్లీ ఆవిడ మెడలోనే వేసి, ఆవేళ షెడ్డులో ఎక్కడ కూర్చున్నారో అక్కడే కూర్చోమని పంపాను. నేను మాస్టారి మంచం మీద కూర్చున్నాను. మోగకపోతే ఆయన పిలిచి పిలిచి పోయి ఉండొచ్చు. మోగితే పిలవకుండానే పోయినట్టు. నిద్రలో పోయారో, కావాలని ఊరుకున్నారో, అది ఏ బెల్లూ చెప్పలేదు. రెండింట్లో ఏది కావాలని కోరుకోవాలో నాకు తెలియలేదు. నొక్కాను.

షెడ్డులో మోత ఇక్కడికి వినపడదు. తోటవైపు చూస్తూ కూర్చున్నాను.

కొబ్బరిచెట్ల మధ్య నుంచి అమ్మగారు పరిగెత్తుకుంటూ వచ్చారు. కాళ్లకు చెప్పుల్లేవు, కొంగు జారిపోతోంది. రొప్పుతూనే గడప దాటి, "ఏటి కావాలండీ?" అన్నారు. అన్నాక మంచం మీద నన్ను చూశారు.